వేసంగిలో నడిచిపోయి

చిత్త కార్తె మూడో దినం.
నల్లమల మాయమైంది,
మొదట కొన, తర్వాత నడుము, తర్వాత కాళ్ళు.
మధ్యాహ్నమే దీపం ముట్టించినా.

ఎల్లాజీ తెరచాప దించినాడు.
యూరియా సంచులు కుట్టిన తెర,
తడిస్తే ఇప్పటికీ చేను వాసన.
కొయ్యకు చుట్టి, ముడి మీద ముడి వేసి
"బేగి గిన్నెలు సర్దీ" అన్నాడు.
ఉండేవి మూడు గిన్నెలు.
సర్దాల్సింది పొయ్యిని, బియ్యం డబ్బాను,
గంప కింద కోడిని, పిల్లదాన్ని.

పన్నెండు బారల తాడు వదిలినాడు.
అడుగున ఏం తగిలిందో ఆయన అరచేతికి తెలుస్తుంది.
"బురదే. పట్టీసుకుంటాదిలే" అన్నాడు.
ఆయన పుట్టింది భీమిలి దగ్గర, ఇసుక మీద.
నేను పుట్టింది ఈ నీళ్ళు వచ్చినాక,
ఈ నీళ్ళ కింద ఉండే గుండ్లపెంట వాళ్ళకు.

మా సీమలో వానకు భయపడేది ఎవరూ నేర్పలేదు.
రోకలికి కప్పను కట్టుకుని ఇల్లిల్లూ తిరిగినా చిన్నప్పుడు.
మా నాయన మబ్బును తిట్టగా విన్నా,
బతిమాలగా విన్నా,
"ఇంక చాలు" అనగా వినలేదు.
ఆ మాట మా ఇంట్లో మొదట నేనే అన్నా,
ఈ రాత్రి,
నోట్లోకి నీళ్ళు పోతాంటే.

సెల్లుకు మెసేజీ వచ్చింది:
లోతట్టు ప్రాంతాల వాళ్ళు ఎత్తైన చోటికి పోవాలంట.
ఊరి కప్పుల మీద తేలుతాండే మేము
ఏ లెక్కలోకి వస్తామో అర్థం కాలేదు.

గట్టు మీద ఐసు షెడ్డు బల్బు ఒకటే గుర్తు.
కొయ్యకు ఎడమన ఉంటే ఉన్నచోటే ఉన్నట్టు.
నూనె డబ్బా కోసిన చేటతో నీళ్ళు తోడుతూ
నేను దాన్నే చూస్తాండా.
కొయ్య వెనక్కి పోయింది బల్బు.
కుడి పక్క తేలింది.
నోరు తెరిచేలోగా
కరెంటు పోయింది.

"తాడు మీద సెయ్యెట్టి కూకో" అన్నాడు చీకట్లోంచి.
"వణికితే జారతన్నట్టు.
బిగిసి ఊరుకుంటే పట్టినట్టు."

వణికింది.
రాళ్ళ మీద ఈడ్చుకుపోయే బండి మాదిరి,
ఆగి, మళ్ళీ.
అది యాడ పోతాందో నాకు తెలుస్తాంది.
అమ్మ బియ్యం ఏరుకుంటా చెప్పేది ఊరంతా వరసగా:
మద్దిలేటి కల్లం, దూదేకుల ఖాసీము కొట్టు,
చావిడి మెట్లు, నీళ్ళు లేని బావి,
ఆ బావి దాటితే మనిల్లు.
నేను చూడని వీధిలో
మా లంగరు ఒక్కో వాకిలీ తడుముకుంటా పోతాంది.

పిల్లది లేచింది.
నడుముకు నా పాత చీర, చీర కొస కొయ్యకు.
"అమ్మా, యాడికి పోతాండాం?"
యాడికీ పోకుండా ఉండేదానికే కదా
ఈ కష్టమంతా.
"పండుకో నూకాలూ" అన్నా.

ఎప్పుడో, తెలీదు,
తాడు ఒక్క గుంజు గుంజి బిగిసింది.
పడవ ముక్కు గాలికి తిరిగింది.
చెయ్యి తియ్యలేదు నేను.
తెల్లారేసరికి అరచేతిలో తాడు పేటలు అచ్చు పడినాయి.

పొద్దున నీళ్ళు ఎర్రగా, ఏమీ ఎరగనట్టు.
కోడి బతికింది.
చెప్పు ఒకటి పోయింది, నాదే.
లంగరు మాత్రం రాలేదు.
నాలుగు దిక్కుల నుంచీ లాగి చూసినాడు,
పళ్ళు బిగించి, వాళ్ళ ఊరి తిట్లన్నీ తిట్టి.
చివరికి కత్తి తీసినాడు.

"కొయ్యొద్దు" అన్నా.
"తాడు కొసకు డబ్బా కట్టి వదులు.
వేసంగిలో నడిచిపోయి తెచ్చుకుందాం."

నవ్వినాడు.
నీళ్ళలో పడిందాన్ని నడిచిపోయి తెచ్చుకునేవాళ్ళు
వాళ్ళ వైపు లేరంట.

పసుపు డబ్బా తేలుతాంది.
కర్నూలు ఐసు వ్యాను గట్టు మీద హారన్ కొడుతాంది,
చేపలేవి అని.
నాకేమో ఒకటే ఆలోచన:
మే నెలలో నీళ్ళు తీసినాక,
పగిలిన బురద మీద నడిచి,
ఎవరి గడపకో తగులుకున్న ఆ ఇనుమును
ఊడదీసేటప్పుడు
ఎవరిని అడిగి తీసుకోవాల?